బ్రిటన్‌లో హీటింగ్ ఎప్పుడు వేయాలి? చలి మొదలయ్యే వేళ మన ఇళ్లకు ఏది నప్పుతుంది

అక్టోబరు 1 వచ్చిందని ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ వేయనక్కర్లేదు. గడియారాలు గంట వెనక్కి తిప్పేదాకా పళ్లు బిగబట్టి కూర్చోనూ అక్కర్లేదు. బ్రిటన్‌లో చాలా ఇళ్లలో ఇదో పట్టింపు: అక్టోబరు చివరి ఆదివారం టైమ్ మారేవరకు హీటింగ్ ముట్టుకోకూడదని. ఇంకొందరు నవంబరు దాకా లాగుతారు. 2022లో గ్యాస్, కరెంటు ధరలు ఒక్కసారిగా పెరిగాక మనవాళ్లలోనూ ఈ పట్టింపు బాగా పాకింది.

తేదీని పక్కన పెట్టి మూడు చూడండి: ఇంట్లో ఎన్ని డిగ్రీలుంది, గోడలు ఎంత చెమ్మగా ఉన్నాయి, పగలూ రాత్రీ ఇంట్లో ఎవరుంటున్నారు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా సెప్టెంబరులో అయినా సరే వేసేయండి, తక్కువలో, కొద్ది గంటలు. మూడూ బాగుంటే నవంబరు దాకా ఆగినా నష్టం లేదు. ఆలస్యంగా మొదలుపెట్టి ఎక్కువ వేడి పెట్టుకోవడం కన్నా, ముందుగా మొదలుపెట్టి తక్కువలో నడపడం మన ఇళ్లకు మంచిదని నా నమ్మకం. గ్యాస్ బాయిలర్, అది కాచి పంపే నీళ్లతో గదులు వెచ్చబెట్టే రేడియేటర్లు ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ఇక్కడ ఎక్కువమంది ఉండేది అలాంటి ఇళ్లలోనే. కరెంటుతో మాత్రమే నడిచే ఫ్లాట్ల సంగతి తర్వాత వస్తుంది.

తేదీతో ఎందుకు తేలదు

ఒకే రోజు లండన్‌లో మధ్యాహ్నం 16 డిగ్రీలుంటే అబర్డీన్‌లో 10 ఉండొచ్చు. రెండు ఊళ్లకూ ఒకే తేదీ ఎలా కుదురుతుంది? ఇక్కడి ఇంధన లెక్కల్లో చాలాకాలంగా వాడుతున్న అంకె ఒకటుంది: 15.5 డిగ్రీలు. బయట రోజు మొత్తం సగటు ఇంతకంటే కిందికి దిగితే ఇంటికి హీటింగ్ అవసరం మొదలవుతుందని లెక్క. మనకు కావలసింది 18, 19 కదా, మరి 15.5 ఏమిటి అంటే, మిగతా మూడు నాలుగు డిగ్రీలు ఇల్లే సంపాదించుకుంటుంది. మనుషుల ఒంటి వేడి, స్టవ్, ఫ్రిజ్, టీవీ, కిటికీలోంచి పడే ఎండ, అన్నీ కలిసి ఆ తేడాను పూడుస్తాయి. రెండు పూటలా అన్నం, పప్పు, కూర వండే ఇంట్లో, నలుగురైదుగురు ఉండే ఇంట్లో ఈ సంపాదన ఇంకా ఎక్కువ. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే ఒంటరి మనిషి ఫ్లాట్‌లో చాలా తక్కువ.

న్యూయార్క్ నగరంలో అద్దె ఇళ్లకు ఉన్న నిబంధన కూడా ఇలాగే ఆలోచిస్తుంది. అక్కడ హీటింగ్ సీజన్ అక్టోబరు 1 నుంచి మే 31 దాకా అని తేదీలైతే ఉన్నాయి. అయినా పగటిపూట బయట 55 ఫారెన్‌హీట్ కంటే, అంటే దాదాపు 13 సెల్సియస్ కంటే తగ్గినప్పుడే ఇంటి లోపల 68 ఫారెన్‌హీట్, అంటే 20 సెల్సియస్ ఉండేలా ఇంటి ఓనరు చూడాలి. బయట ఎంతుంది, లోపల ఎంతుంది అన్న రెండు అంకెల మీదే నిర్ణయం నడుస్తుంది.

మీ ఇల్లు ఎలాంటిదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేయండి. పది పౌండ్లలోపు దొరికే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి, ఉష్ణోగ్రతతో పాటు గాలిలో తేమ శాతం కూడా చూపించేది. హాల్లో, కిటికీకి, రేడియేటర్‌కి దూరంగా, ఎండ పడనిచోట పెట్టండి. రాత్రి పడుకునే ముందు అంకె చూడండి, పొద్దున లేవగానే మళ్లీ చూడండి. బయట 7, 8 డిగ్రీలున్న రాత్రి హీటింగ్ లేకుండా మీ ఇల్లు ఒక డిగ్రీ మాత్రమే పడిపోయిందంటే మీరు అదృష్టవంతులు. ఈమధ్య కట్టిన ఇళ్లు, పైనా కిందా పక్కనా ఇళ్లున్న మధ్య ఫ్లాట్లు ఇలా ఉంటాయి. అలాంటి ఇంట్లో నవంబరు దాకా ఆగడం కష్టం కాదు. మూడు డిగ్రీలు, ఆపైన పడిపోయిందంటే అది వేడి నిలవని ఇల్లు. 1920లకు ముందు కట్టిన ఇళ్లలో ఎక్కువగా ఒంటి ఇటుక గోడలే ఉంటాయి, మధ్యలో ఖాళీ ఉండదు, గోడ చల్లబడితే ఓ పట్టాన వేడెక్కదు. ఈ ఇళ్లలో "ఇంకో వారం చూద్దాం" అని లాగినకొద్దీ గోడలు చలిని పీల్చుకుంటాయి. ఆఖరికి వేసిన రోజున రేడియేటర్లు గంటలకొద్దీ కాలినా గది వెచ్చబడదు, ఎందుకంటే ముందు వేడెక్కాల్సింది గోడలు.

ఇంట్లో ఎవరున్నారు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో చలి దేశాల ఇళ్లకు కనీసం 18 డిగ్రీలు అని చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న నడివయసు వాళ్లు స్వెట్టర్ వేసుకుని 17లో పనిచేసుకుంటే కొంప మునగదు. పెద్దవాళ్లు, పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం 18 అనేది కింది గీత అనుకోండి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. పెద్దవాళ్లకు చలి తెలిసేలోపే ఒంట్లో మార్పు మొదలైపోతుంది.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. అమ్మానాన్నలు, అత్తయ్య మామయ్యలు ఆరు నెలల విజిటర్ వీసా మీద ఎండాకాలంలో వచ్చి, తిరిగి వెళ్లేసరికి ఎక్కువమందికి అక్టోబరు, నవంబరు అవుతుంది. విజయవాడలో డిసెంబరు రాత్రి 18, 19కి దిగితేనే చలి అనుకునే శరీరాలు అవి. మనకు అలవాటైపోయిన 18 వాళ్లకు వణుకు పుట్టిస్తుంది. పైగా నోరు తెరిచి అడగరు. "మాకేం చలి లేదమ్మా, మీ బిల్లు ఎందుకు పెంచుకుంటారు" అంటారు. మాటని నమ్మకండి, చేతులు పట్టుకుని చూడండి. పగలంతా దుప్పటి కప్పుకుని సోఫాలోనే కూర్చుంటున్నా, నడక తగ్గించేసినా, నీళ్లు తాగడం మానేసి టీ మాత్రమే తాగుతున్నా వాళ్లకు చలేస్తోందని అర్థం. వాళ్లు ఉండే గదిని 20, 21 దాకా తీసుకెళ్లండి. ఈ విషయంలో పొదుపు ఆలోచన వద్దని ఖచ్చితంగా చెప్తాను.

కార్తీక మాసం కూడా సరిగ్గా ఇప్పుడే వస్తుంది. దీపావళి మర్నాటి నుంచి తెల్లవారుజామున తలస్నానం చేసే అలవాటున్న అమ్మ ఇంట్లో ఉంటే, మీ టైమర్ పొద్దున ఏడింటికి మొదలవడం ఆవిడకు ఏ మాత్రం పనికిరాదు. నాలుగున్నరకు బాత్‌రూమ్ బయట వాతావరణంలాగే ఉంటుంది. వేడినీళ్ల స్నానం చేసి తడి జుట్టుతో 14 డిగ్రీల గదిలోకి రావడం అరవై దాటినవాళ్లకు మంచిది కాదు. ఆ నెల రోజులు నాలుగింటికే హీటింగ్ మొదలయ్యేలా టైమర్ మార్చండి, పడకగదుల రేడియేటర్లు తగ్గించి బాత్‌రూమ్, పూజ చేసుకునే చోటు వెచ్చగా ఉంచండి. స్నానం, దీపం అయ్యాక ఆపేస్తే సరిపోతుంది.

పసిపిల్లల సంగతి దీనికి తలకిందులు. పసిబిడ్డ పడుకునే గది 16 నుంచి 20 మధ్య ఉండాలని ఇక్కడి వైద్య సలహా. మరీ వేడి గది, మీద మీద దుప్పట్లు, పడుకునేటప్పుడు తలకు టోపీ పసిబిడ్డకు ప్రమాదం. అమ్మమ్మకు 21 కావాలి, బిడ్డకు 18 చాలు. ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటుంటే బిడ్డ లెక్కకే గదిని ఉంచి, అమ్మమ్మకు మందపాటి రగ్గు, సాక్సులు, వేడినీళ్ల బ్యాగు ఇవ్వండి.

చెమ్మ: అన్నిటికన్నా ముందు చూడాల్సింది

హీటింగ్ వేయకుండా ఎన్నాళ్లు ఆగొచ్చు అనేది మన ఓపిక మీద కన్నా గోడల మీద ఎక్కువ ఆధారపడుతుంది. చలిని మనిషి స్వెట్టర్‌తో ఆపుకోగలడు, గోడకు స్వెట్టర్ లేదు.

20 డిగ్రీల గాలి ఒక ఘనపు మీటరుకు దాదాపు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 10 డిగ్రీల గాలి 9 గ్రాములే పట్టుకుంటుంది. వంటింట్లో కుక్కర్ కూతలు, సాంబారు మరుగు, వేడినీళ్ల స్నానాలు, రాత్రంతా మన ఊపిరి, ఇవన్నీ గాలిలోకి ఆవిరిని నింపుతూ ఉంటాయి. ఒక లోడ్ బట్టలు ఇంట్లో ఆరేస్తే రెండు లీటర్ల దాకా నీళ్లు గాలిలోకి పోతాయి. ఆ గాలి చల్లటి గోడను తాకినచోట పట్టుకోలేని నీరంతా చెమ్మగా దిగుతుంది. నాలుగు రోజులు ఆ చెమ్మ ఆరకపోతే నల్లటి బూజు మొదలవుతుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే ఉత్తరం వైపు పడకగదిలో బయటి గోడకు ఆనించిన వార్డ్‌రోబ్‌ను ఒక జానెడు ముందుకు జరపండి. ఫోన్ టార్చ్ వేసి వెనక గోడ కింది మూల చూడండి. ముందు సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తాయి, పెన్సిల్ మొనతో పొడిచినట్టు. వేలితో రాస్తే అలుక్కుపోతాయి. గోడ అడుగున ఉండే చెక్కపట్టీ (స్కర్టింగ్ బోర్డు) దగ్గర పెయింటు కొంచెం ఉబ్బి ఉంటుంది. వార్డ్‌రోబ్ వెనక చెక్కను ముట్టుకుంటే చల్లగా, మెత్తగా తగులుతుంది. పట్టుచీరలు, తోలు బ్యాగులు, పాస్‌పోర్టులు పెట్టిన సూట్‌కేసు లోపల ముక్కిన వాసన వస్తుంది. ఇవి కనిపించాయంటే ఇక తేదీలు లెక్కపెట్టడం ఆపేసి అదే రోజు హీటింగ్ మొదలుపెట్టండి. వార్డ్‌రోబ్‌ను శాశ్వతంగా ఆ జానెడు దూరంలోనే ఉంచండి, వెనక గాలి ఆడాలి.

బూజుని తేలిగ్గా తీసుకోకండి. 2020 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లాడు చనిపోయాడు. చాలాకాలం బూజు పట్టిన ఫ్లాట్‌లో ఉండటమే కారణమని 2022లో మరణ విచారణాధికారి (కరోనర్) తేల్చారు. ఆ పిల్లాడి పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లోని సోషల్ హౌసింగ్ ఇళ్లకు, అంటే కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు అద్దెకిచ్చే ఇళ్లకు అమల్లోకి వచ్చింది. చెమ్మ, బూజు గురించి ఫిర్యాదు వస్తే గడువులోపు చూసి సరిచేయాలని అది చెప్తుంది. ప్రైవేటు అద్దె ఇంట్లో ఉన్నా ఫోటోలు తీసి, తేదీతో సహా ఈమెయిల్‌లో ల్యాండ్‌లార్డ్‌కు పంపండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువు ఉండదు.

తేమ శాతం 40 నుంచి 60 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. రోజుల తరబడి 70 దాటుతుంటే గది 19 ఉన్నా సరే ఏదో ఒకటి చేయాలి. ముందు ఖర్చు లేనివి చేయండి: వండేటప్పుడు గిన్నెల మీద మూత, ఎగ్జాస్ట్ ఫ్యాన్, వంటింటి తలుపు మూసి కిటికీ తెరవడం. స్నానం అయ్యాక బాత్‌రూమ్ తలుపు మూసి అరగంట ఫ్యాన్ వదలండి. పొద్దున పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు బార్లా తెరిస్తే తడి గాలి పోయి పొడి గాలి వస్తుంది, ఆ పది నిమిషాల్లో గోడల వేడి పెద్దగా పోదు.

అప్పటికీ తేమ తగ్గకపోతే గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫైయర్ కొనడం మంచిది. మామూలు కంప్రెసర్ రకం 200 వాట్ల చుట్టూ తీసుకుంటుంది, వెచ్చటి గదిలో బాగా పనిచేస్తుంది. చల్లటి గదికి తేమ పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం మేలు, కాకపోతే కరెంటు ఎక్కువ తాగుతుంది. చిన్న గదిలో బట్టలు ఆరేసి, తలుపు మూసి, అది పెడితే ఒక రాత్రిలో బట్టలూ ఆరతాయి, గోడలూ బతుకుతాయి. అక్టోబరులో చలి పెద్దగా లేకుండా గోడలు బాగానే ఉండి గాలిలో తేమ మాత్రమే ఎక్కువున్న ఇంటికి హీటింగ్ కన్నా ఇదే సరైన ఖర్చు.

ఇక డబ్బు లెక్క

కంపెనీలు వసూలు చేయగల ధరకు ఉన్న పరిమితి మూడు నెలలకోసారి మారుతుంది కాబట్టి మీ బిల్లులో ఉన్న అంకె వేసుకోండి. 2025 చివర్లో గ్యాస్ యూనిట్ (కిలోవాట్ అవర్) 6 పెన్నీల చుట్టూ, కరెంటు యూనిట్ 26 పెన్నీల చుట్టూ ఉండేది. అంటే కరెంటు నాలుగు రెట్లకు పైనే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

రెండు కిలోవాట్ల ఫ్యాన్ హీటర్ గంటసేపు ఆపకుండా తిరిగితే 2 యూనిట్లు, యాభై పెన్నీలు దాటుతుంది. అదే డబ్బుకు ఎనిమిది యూనిట్లకు పైగా గ్యాస్ వస్తుంది. మామూలు సైజు ఇంట్లో మొదటి గంట బాయిలర్ తినేది అటూ ఇటూగా అంతే ఉండొచ్చు, తర్వాతి గంటల్లో ఇంకా తగ్గుతుంది. కాబట్టి "సెంట్రల్ హీటింగ్ వద్దు, ఖర్చు" అని హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి హీటర్లు పెట్టుకునే ఇంట్లో ఖర్చు ఎక్కువే అవుతోంది. ఇల్లంతా వెచ్చబడే డబ్బుతో రెండు గదులు వెచ్చబడుతున్నాయి. ఈ తప్పు లెక్క మనవాళ్లలో చాలా ఎక్కువగా చూస్తున్నాను.

కరెంటు హీటర్ గెలిచేది ఒకే సందర్భంలో: ఒక్క మనిషి, ఒక చిన్న గది, మూసిన తలుపు, మూడు నాలుగు గంటలు. అందులోనూ ఆయిల్ నింపిన రేడియేటర్ రకం తీసుకోండి. గది వెచ్చబడగానే దాని థర్మోస్టాట్ ఆపుతూ వేస్తూ ఉంటుంది కాబట్టి రాసిన వాట్లన్నీ ఖర్చు కావు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టకండి, నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. దాని మీద బట్టలు ఆరేయకండి.

వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లకు ఇంకా మంచి దారి ఉంది. కరెంటు దుప్పటి, ఒళ్లో కప్పుకునే రకం, వంద వాట్ల చుట్టూ తీసుకుంటుంది. ఎనిమిది గంటలు కప్పుకుని కూర్చున్నా యూనిట్ దాటదు, పాతిక పెన్నీల పని. పరుపు మీద వేసే రకమైతే పడుకునే ముందు అరగంట వేసి ఆపేస్తే రాత్రంతా పడకగది హీటింగ్ అవసరమే రాదు. చెమ్మ లేని ఇంట్లో, ఒంట్లో బాగున్న నడివయసు వాళ్లు ఇద్దరు మాత్రమే ఉంటే, అక్టోబరంతా ఈ దుప్పటితో గడిపేయమని నేనే చెప్తాను. గదిని వదిలేసి మనిషిని మాత్రం వెచ్చగా ఉంచే పద్ధతి ఇది. ఎవరూ వెచ్చబెట్టని గోడలు మాత్రం చల్లగానే ఉంటాయి కాబట్టి వారానికోసారి ఆ వార్డ్‌రోబ్ వెనక చూస్తూ ఉండాలి.

పిల్లలున్న ఇంటికి, పెద్దవాళ్లున్న ఇంటికి, గోడలు నెమ్మెక్కే పాత ఇంటికి నా ఓటు టైమర్ మీద నడిచే సెంట్రల్ హీటింగ్‌కే. మొదట్లో పొద్దున గంట, సాయంత్రం రెండు గంటలు, థర్మోస్టాట్ 18 లేదా 19. బయట 12, 13 ఉన్న రోజున బాయిలర్ కాసేపు మండి దానంతటదే ఆగిపోతుంది. చలి పెరిగేకొద్దీ గంటలు పెంచుకుంటూ పోండి, డిగ్రీలు అలాగే ఉంచండి. త్వరగా వెచ్చబడుతుందని థర్మోస్టాట్‌ను 25కి తిప్పేవాళ్లున్నారు. 25 పెట్టినా 19 పెట్టినా గది వెచ్చబడే వేగం ఒకటే, 19 దాటాక కూడా ఆగకుండా మండటమే తేడా.

రోజంతా తక్కువలో వదిలేస్తే చవక అన్న మాట కూడా బాగా తిరుగుతోంది. గ్యాస్ బాయిలర్ ఉన్న మామూలు ఇంటికి అది నిజం కాదు. లోపలికీ బయటికీ తేడా ఉన్నంతసేపూ ఇల్లు వేడిని పోగొట్టుకుంటూనే ఉంటుంది, కాబట్టి ఎవరూ లేని ఎనిమిది గంటలు వెచ్చగా ఉంచితే ఆ ఎనిమిది గంటల వేడీ బయటికే. పగలంతా పెద్దవాళ్లో పసిబిడ్డో ఉంటే మాత్రం రోజంతా ఉంచాల్సిందే, అప్పుడు అది అవసరం. హీట్ పంప్ (బయటి వేడిని కరెంటుతో లోపలికి లాగే యంత్రం) ఉన్న ఇళ్ల లెక్క వేరు, వాటిని తక్కువ వేడిలో నిదానంగా, ఎక్కువసేపు నడపడమే పద్ధతి.

ఎంత ఖర్చవుతోందో మీకై మీరు చూసుకోవచ్చు. హీటింగ్ వేసే ముందు గ్యాస్ మీటర్ అంకె రాసుకోండి, ఆపాక మళ్లీ రాసుకోండి. మీటర్ ఘనపు మీటర్లలో ఉంటే తేడాను 11తో గుణించండి, దాదాపుగా యూనిట్లు వస్తాయి. దాన్ని మీ ధరతో గుణిస్తే ఆ సాయంత్రం ఖర్చు తేలిపోతుంది. ఒక్కసారి ఈ అంకె కళ్ల ముందుకు వస్తే ఇంట్లో థర్మోస్టాట్ గొడవలు సగం తగ్గుతాయి.

బాయిలర్‌లోనే ఉన్న పొదుపు

చాలామంది చూడని సెట్టింగ్ ఒకటుంది. రేడియేటర్లకు వెళ్లే నీళ్ల వేడి, దాన్ని ఫ్లో టెంపరేచర్ అంటారు. బాయిలర్ మీద రేడియేటర్ బొమ్మ ఉన్న నాబ్ లేదా బటన్‌తో మారుతుంది. ఎక్కువ ఇళ్లలో 70, 80 దగ్గర పెట్టి ఉంటుంది. ఇప్పటి కండెన్సింగ్ బాయిలర్లు రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు దాదాపు 55 కంటే చల్లగా ఉంటేనే పొగలో పోయే వేడిని కూడా తిరిగి పట్టుకోగలవు. కాంబీ బాయిలర్ (సిలిండర్ లేకుండా కుళాయి నీళ్లను అప్పటికప్పుడు కాచే రకం) అయితే 60కి, శరదృతువులో 55కి తగ్గించినా పరవాలేదు. రేడియేటర్లు చెయ్యి కాలేలా ఉండవు, గది వెచ్చబడటానికి ఇంకొంచెం టైమ్ పడుతుంది, టైమర్ అరగంట ముందుకు జరిపితే చాలు. విడిగా వేడినీళ్ల సిలిండర్ ఉన్న ఇంట్లో ఈ పని సొంతంగా చేయకండి. సిలిండర్‌లో నీళ్లు 60కి చేరకపోతే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది, ఇంజనీరును అడిగి చేయించండి.

రేడియేటర్ పక్కన అంకెలున్న వాల్వ్‌లో 3 అంటే సుమారు 20 డిగ్రీలు, 2 అంటే 16, 17. వాడని గదిని 1 దగ్గర పెట్టండి, పూర్తిగా ఆపేసి తలుపు మూస్తే అక్కడే బూజు మొదలవుతుంది. గోడ థర్మోస్టాట్ ఉన్న గదిలో మాత్రం రేడియేటర్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంచాలి. సోఫాను రేడియేటర్‌కు ఆనించకండి.

వేయకముందే ఒకసారి వేసి చూడండి

నవంబరు దాకా ఆగాలనుకున్నవాళ్లు కూడా సెప్టెంబరులో ఒకరోజు అరగంట హీటింగ్ వేసి చూడాలి. ఎండాకాలమంతా కదలని పంపు బిగుసుకుపోవచ్చు, వాల్వ్ ఇరుక్కోవచ్చు. మొదటి గట్టి చలికి అందరి బాయిలర్లూ ఒకేసారి మొరాయిస్తాయి, అప్పుడు ఇంజనీరు దొరకడం గగనం.

రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరిందన్నమాట. హీటింగ్ ఆపి, రేడియేటర్ చల్లబడ్డాక, పైమూలన ఉన్న చిన్న చదరపు మొలకు రేడియేటర్ తాళంచెవి (బ్లీడ్ కీ) తగిలించి, కింద పాతగుడ్డ పట్టుకుని, ఎడమవైపుకు పావు వంతు తిప్పండి. సన్నగా బుస్సుమని గాలి వస్తుంది. గాలి ఆగి నల్లటి నీటి బొట్టు పడగానే బిగించేయండి. కింది అంతస్తుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. అన్నీ అయ్యాక బాయిలర్ మీద ప్రెషర్ ముల్లు చూడండి, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. తగ్గితే బాయిలర్ కింది పైపు వాల్వ్ కొద్దికొద్దిగా తెరిచి నింపాలి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూడండి. అద్దె ఇంట్లో గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో అది ఉండాలని 2022 అక్టోబరు నుంచి ఇంగ్లండ్‌లో నిబంధన. గ్యాస్ సేఫ్ (గ్యాస్ పనికి అధికారికంగా నమోదైన) ఇంజనీరుతో ప్రతి ఏడాదీ చెక్ చేయించి ఆ కాగితం ఇవ్వడం ల్యాండ్‌లార్డ్ బాధ్యత, అడగండి. బార్బెక్యూ బొగ్గులు గానీ కుంపటి గానీ ఇంట్లోకి తేవద్దు, గది వెచ్చబడాలని గ్యాస్ స్టవ్ వెలిగించి వదలొద్దు. హీటింగ్ వేసినప్పుడల్లా ఇంట్లో అందరికీ తలనొప్పి, వికారం వస్తుంటే ఆపేసి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 0800 111 999కి ఫోన్ చేయండి.

కరెంటు ఫ్లాట్లు, షేరింగ్ ఇళ్లు

స్టోరేజ్ హీటర్లున్న ఫ్లాట్‌లో నిర్ణయం ముందురోజు రాత్రే తీసుకోవాలి. అవి రాత్రి చవక ధర ఉండే ఏడు గంటల్లో వేడిని లోపలి ఇటుకల్లో నింపుకుని మర్నాడు వదులుతాయి. కాబట్టి పడుకునే ముందు రేపటి వాతావరణం చూడండి. రేపు 15 ఉంటుందంటే ఇన్‌పుట్ నాబ్ బాగా తగ్గించండి, 8 అంటే పెంచండి. అవుట్‌పుట్ నాబ్‌ను సాయంత్రం దాకా మూసి ఉంచండి, లేకపోతే మధ్యాహ్నానికే వేడంతా ఖాళీ అయిపోతుంది. పగలు బూస్ట్ బటన్ నొక్కితే పగటి ధర పడుతుంది. ఈ ఫ్లాట్లలో కరెంటు దుప్పటి, డీహ్యూమిడిఫైయర్ జంట గ్యాస్ ఇళ్లలో కన్నా ఎక్కువ ఆదా చేస్తుంది.

మాస్టర్స్ చదవడానికి వచ్చి నలుగురైదుగురు కలిసి ఉంటున్న పిల్లలకు ఒకటే సలహా. బిల్లులు అద్దెలో కలిసే ఉంటే, వాడకం మీద పరిమితి ఉందేమో అగ్రిమెంట్‌లో చూసుకోండి. మీరే కట్టుకునేటట్టయితే సెప్టెంబరులోనే కూర్చుని గంటలు, డిగ్రీలు ఒప్పుకోండి. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాడి గదికి కూడా ఆ ఒప్పందంలో చోటుండాలి. ప్రీపే మీటర్ ఉంటే ఎండాకాలంలో గ్యాస్ వాడకపోయినా రోజువారీ స్టాండింగ్ ఛార్జీ పేరుకుంటుంది. అక్టోబరులో మొదటిసారి టాప్అప్ చేసినప్పుడు డబ్బు ముందు ఆ బాకీకి పోతుంది, పది పౌండ్లు వేసినా హీటింగ్ రాలేదని కంగారుపడతారు. సెప్టెంబరు నుంచే కొంచెం కొంచెం వేసుకుంటూ రండి.

డైరెక్ట్ డెబిట్ కట్టేవాళ్లు హీటింగ్ వేయడానికి టెన్షన్ పడేముందు అకౌంట్‌లో ఒకసారి బ్యాలెన్స్ చూసుకోండి. నెలనెలా ఒకే మొత్తం కడుతుంటే ఎండాకాలంలో వాడింది తక్కువ, కట్టింది ఎక్కువ. సెప్టెంబరు చివరికి వంద, రెండు వందల పౌండ్లు జమ ఉండటం మామూలే. ఆ డబ్బు మీరు చలికాలం కోసమే కట్టారు. ఇప్పుడు మీటర్ రీడింగ్ పంపి, జమ సరిగ్గా ఉందో లేదో తేల్చుకుని, టైమర్ పెట్టుకోండి.